అద్దాల విల్లాను పగలు కాదు, రాత్రి ఏడున్నరకు చూడండి

మైపాడు, కొత్తపట్నం వైపు ‘సీ వ్యూ విల్లా’ అని అమ్ముతున్న ఇళ్లకు అడ్వాన్సు ఇవ్వబోయేవాళ్లు కాస్త ఆగండి. కొన్నాక లబోదిబోమనేది ఎక్కువగా అద్దాల దగ్గరే.

హాలుకి తూర్పున నేల నుంచి శ్లాబు దాకా అద్దం బిగించి, "వన్ వే గ్లాస్ సార్, మీకు సముద్రం కనపడుద్ది, బయటోళ్లకు మీరు కనపడరు" అంటారు. పగలు పదకొండింటికి చూపిస్తారు కాబట్టి నిజమే అనిపిస్తుంది. ఆ అద్దం వెలుతురు ఎక్కువున్న వైపు మెరుస్తుంది. చీకటి వైపు నుంచి చూస్తే అవతలిదంతా కనపడుతుంది. పొద్దుగూకి లోపల లైటు వేశారా, లెక్క తారుమారు. రోడ్డు మీద పోయేవాడికి మీ కంచంలో ఏం కూరో తెలుస్తుంది, మీకు సముద్రం బదులు మీ మొహమే కనపడుతుంది. ఇక కర్టెన్లు దించక తప్పదు. దానికా అంత డబ్బు పోసింది?

రాత్రి ఏడున్నరకు వెళ్లి, లైట్లన్నీ వేయించి, రోడ్డు మీద నుంచీ వీలైతే పక్కింటి మేడ మీద నుంచీ చూడండి. ఐదడుగుల ప్రహరీ పక్కింటి పై అంతస్తు చూపుని ఆపదు. చాటు ఇవ్వాల్సింది గోడా వసారానే, అద్దం కాదు. కిటికీ దిమ్మె, అంటే కిటికీ కింది గోడ, రెండున్నర అడుగులుంటే చాలు, కుర్చీలో కూర్చున్నవాళ్ల కన్ను దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది, సముద్రం ఎక్కడికీ పోదు. ముందు ఏడెనిమిది అడుగుల వసారా, రోడ్డు వైపు ఇటుక జాలీ ఉంటే ఇంకా మేలు.

బిగించేసిన అద్దమైతే మధ్యాహ్నం నుంచి వీచే సముద్రపు గాలి లోపలికి రాదు. రెండు ట్రాకుల మీద పక్కకు జరిగే స్లైడింగ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. మూడు ట్రాకులు, మూడు తలుపులైతే మూడింట రెండు వంతులు. సిటౌట్ (బయట కూర్చునే చోటు) పడమటికి పెట్టిన ప్లానయితే మే నెల వడగాలికి సాయంత్రం దాకా అటు తొంగి చూడరు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వాన తూర్పు నుంచి ఏటవాలుగా కొడుతుంది. స్లైడింగ్ ట్రాకులో ఒక బక్కెట్ నీళ్లు పోయించండి. బయటి వైపు రంధ్రాల్లోంచి వెంటనే పోవాలి. అవి లేకపోయినా, ఇసుకతో పూడినా నీళ్లు హాల్లోకే. బాల్కనీ గచ్చు గది కంటే రెండంగుళాలు దిగువన, పది అడుగులకు అంగుళంపావు వాలుతో ఉండాలి.

రెయిలింగు స్టీలుకి అయస్కాంతం ఆనించి "అంటుకోలేదు, 316" అంటే నమ్మొద్దు. 316, 304 రెండూ స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడులే, 304 కూడా మామూలుగా అంటుకోదు. ఉప్పుగాలికి 304 మీద టీ మరకల్లాంటి తుప్పు లేస్తుంది. 316లో మాలిబ్డినం ఉంటుంది, దాన్ని చుక్క మందుతో పరీక్షించే కిట్లు దొరుకుతాయి. రెయిలింగు అద్దం టఫెండ్ (వేడితో గట్టిపరిచినది) ఒక్కటే అయితే పగిలినప్పుడు మొత్తం రాలి అంచు ఖాళీ అవుతుంది. రెండు అద్దాల మధ్య పొర పెట్టి అతికించిన లామినేటెడ్ టఫెండ్ అడగండి.

ఆరుబయట పాలిష్ పట్టిన చీమకుర్తి గెలాక్సీ నల్ల గ్రానైట్ పరిచి మురిపిస్తారు. రాయి మంచిదే, చోటు కాదు: ఎండకి కాళ్లు బొబ్బలెక్కుతాయి, వానకి జారుతుంది. అక్కడ లేత రంగు, గరుకు రాయి వేయించుకోండి.

స్టీలు గ్రేడు, అద్దం రకం, ట్రాకుల సంఖ్య అగ్రిమెంట్లో రాయించండి. బక్కెట్ పరీక్ష అయ్యేదాకా చివరి వాయిదా ఇవ్వకండి.