500 డాలర్ల రైఫిల్, మొదటి రోజు నాలుగంగుళాల గ్రూప్

రూగర్ అమెరికన్ ప్రిడేటర్, 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా రకానిది. టెక్సస్‌లో కొన్నాను, టాక్స్‌తో కలిపినా 500 డాలర్లు దాటలేదు. అసలు ప్లాన్ అయితే రెమింగ్టన్ 700 తీసుకుని స్టాక్ (భుజానికి ఆనించే, బ్యారెల్ కూర్చునే చట్రం), ట్రిగ్గర్, బ్యారెల్ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోదామని, కానీ కాగితం మీద లెక్క వేస్తే 2000 దగ్గర తేలింది, ఆ అంకె మా ఆవిడకు చెప్పే ధైర్యం లేక అక్కడితో ఆపేశాను. టిక్కా టీ3ఎక్స్ కూడా చూశాను. దాని బోల్ట్ (తూటాని లోపలికి తోసే కడ్డీ) నూనె రాసినట్టు జారుతుంది, చేతిలో బాగుంటుంది, కానీ ఆ తేడా డబ్బు స్కోప్‌కి పెట్టడమే నయమనిపించింది.

6.5 ఎందుకంటే .308 తూటా కన్నా భుజం మీద దెబ్బ తక్కువ, గురి పోటీలకు వాడే మంచి మ్యాచ్ తూటాలు షాపులోనే దొరుకుతాయి.

స్కోప్ నేను బిగించుకోలేదు, ఒక షాపులో ఇస్తే పది నిమిషాల్లో పెట్టిచ్చారు. రేంజ్‌కి వెళ్లి 100 గజాల్లో ఐదు కాలిస్తే గ్రూప్, అంటే తూటాల రంధ్రాలు చెదిరిన వెడల్పు, నాలుగంగుళాలు. రైఫిల్‌ని తిట్టాను, తూటాలు మార్చాను, చివరికి నా చెయ్యి వణుకుతోందేమో అని టీ కూడా మానేశాను. మూడో వారం ఊరికే స్కోప్ పట్టుకుని కదిపితే, వదులైన పన్నులా ఊగింది! స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల్లో వెనక దాని స్క్రూ సగమే బిగించి ఉంది. ఎంత బలంతో బిగించామో ఇన్‌చ్-పౌండ్లలో చూపే టార్క్ రెంచ్ ఒకటి కొని, రింగుల మీది స్క్రూలు 18కి బిగించి, ఒక్కో స్క్రూ మీద నెయిల్ పాలిష్ గీత పెట్టాను. గీత పక్కకి జరిగితే స్క్రూ వదులైనట్టే. గ్రూప్ ఒక్కసారిగా రెండంగుళాల లోపుకి వచ్చింది.

తర్వాత స్టాక్. అది బ్యారెల్‌కి తగిలితే గురి చెదురుతుంది. డాలర్ నోటు ఒకటి మడత పెట్టి బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి వెనక్కి లాగండి, ఎక్కడా తగలకుండా పోవాలి. మామూలుగా పోయేది, బైపాడ్ (ముందు ఉండే రెండు కాళ్ల స్టాండ్) మీద బరువు ఆనిస్తే మాత్రం ముందు భాగంలో పట్టేసేది. ఈ ధరలో ప్లాస్టిక్ స్టాక్ వంగడం మామూలే. బాయిడ్స్ వాళ్ల లామినేట్ (చెక్క పొరలు అతికించిన) స్టాక్ పెడితే గట్టిగా ఉంటుంది, బరువూ పెరుగుతుంది. నేను పైసా ఖర్చు లేకుండా బైపాడ్ తీసేసి ఇసుక సంచి పెట్టాను, స్టాక్ లోపల గరుకు కాగితంతో కొద్దిగా రుద్దాను. ట్రిగ్గర్ కంపెనీ స్క్రూతోనే 3 పౌండ్ల దాకా దిగుతుంది, వేరేది కొనక్కర్లేదు.

నాలుగు రకాల తూటాలు వాడి చూశాక దీనికి నచ్చింది హార్నడీ వాళ్ల 140 గ్రెయిన్ల బరువున్న ఈఎల్‌డీ మ్యాచ్. ఇప్పుడు ఐదు తూటాలు అంగుళం, అంగుళంపావులో పడుతున్నాయి. 100 గజాల్లో ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 1.047 అంగుళాలు, అంటే దాదాపు అక్కడే ఉన్నాను. మూడు తూటాల గ్రూప్ ఫోటో పెట్టి అర ఎంఓఏ అనేవాళ్లని మాత్రం ఇంకో రెండు కాల్చమనండి.

అన్నట్టు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు నా మాట విని కొనేయకండి. ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా కుదరదు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, ముందు లాయర్‌ని అడగండి.

స్టాక్‌కని దాచిన డబ్బు తూటాలకే పోతోంది. డబ్బాకి 20 తూటాలు, శనివారం పొద్దున్నే రెండు డబ్బాలు ఖాళీ.