తెలుగు మీద రాసిన అబ్‌స్ట్రాక్ట్: ఇక్కడి సదస్సుకా, ఫాసల్‌కా?

తెలుగు మీద భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకి ఏదో ఒక దశలో ఈ ప్రశ్న తప్పదు. చేతిలో కొంత డేటా ఉంది, వాదన ఒకటి రూపు కడుతోంది. అబ్‌స్ట్రాక్ట్, అంటే సదస్సులో చదవబోయే పేపర్ సారాంశం, ఎక్కడికి పంపాలి? మన దేశంలో జరిగే పెద్ద సదస్సుకా, దక్షిణాసియా భాషల కోసమే విదేశాల్లో నడిచే ఫాసల్ లాంటి చిన్న సదస్సుకా? ‘ముందు ఇక్కడ చెయ్యి తిరగనీ, అక్కడి సంగతి తర్వాత’ అని సీనియర్లు అంటుంటారు. ఆ సలహా నాకు నచ్చదు. చేతిలో ఉన్న పని ఎలాంటిదో చూసుకుని తేల్చుకోవాల్సిన విషయమిది.

ఇక్కడ ముఖ్యంగా రెండు వేదికలున్నాయి. 1928లో లాహోర్‌లో పుట్టి, ఇప్పుడు పుణే దక్కన్ కాలేజీ కేంద్రంగా నడుస్తున్న లింగ్విస్టిక్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి సదస్సు ఐకోల్సీ ఒకటి. భాషాశాస్త్రంలోని అన్ని శాఖలకీ అందులో చోటుంటుంది. 1971లో తిరువనంతపురంలో ఏర్పడిన ద్రవిడియన్ లింగ్విస్టిక్స్ అసోసియేషన్ సదస్సు రెండోది. గోండి, కువి లాంటి గిరిజన ద్రావిడ భాషల మీద పనిచేసేవాళ్లకి అది సొంత ఇల్లే. బయట చూస్తే ఫాసల్ (ఫార్మల్ అప్రోచెస్ టు సౌత్ ఏషియన్ లాంగ్వేజెస్) ఉంది. దక్షిణాసియా భాషల వాక్యనిర్మాణం, అర్థం, ధ్వని వ్యవస్థల మీద సిద్ధాంతపరమైన పని కోసం 2011లో మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్‌హర్స్ట్‌లో మొదలైంది. దానికంటే పాతది సాలా (సౌత్ ఏషియన్ లాంగ్వేజెస్ అనాలిసిస్) అనే సదస్సు. దాని పరిధి ఇంకా విశాలం, సామాజిక భాషాశాస్త్రం కూడా ఇముడుతుంది.

అసలు తేడా అబ్‌స్ట్రాక్ట్ రాయడంలోనే కనిపిస్తుంది. ఇక్కడ చాలాసార్లు కొన్ని వందల మాటల్లో సమస్య ఏమిటో, పద్ధతి ఏమిటో చెబితే చాలు. ఫాసల్ తరహా సదస్సుకి ఉదాహరణలతో సహా రెండు పేజీలు రాయాలి, రాసిందెవరో సమీక్షకులకి తెలియకుండా పేరు ఎక్కడా కనిపించకూడదు, వాదన ఆ రెండు పేజీల్లోనే పూర్తవ్వాలి.

ఒక వాక్యం తీసుకుందాం: ‘రవి తను గెలిచానని చెప్పాడు.’ కర్త ‘తను’, క్రియ చివర మాత్రం ‘నేను’కి రావాల్సిన ‘ను’ (గెలిచాను + అని). దీని మీద ఇప్పటికే మంచి పరిశోధన ఉంది, ఉదాహరణ కోసమే ఎత్తుకున్నాను. తెలుగు రాని సమీక్షకుడికి ఇది అచ్చుతప్పులా కనిపిస్తుంది. అందుకే రోమన్ లిపిలో రాసి, లైప్‌జిగ్ గ్లాసింగ్ నియమాల (ఉదాహరణ కింద ముక్కముక్కకీ అర్థం రాసే పద్ధతి) ప్రకారం ప్రతి ప్రత్యయాన్నీ విడదీసి చూపించాలి. ఆ వెంటనే వచ్చే అనుమానం, ఇది రవి మాటల్నే యథాతథంగా ఎత్తి చెప్పడమేమో అని. దాన్ని తీర్చడానికి ఇంకో వాక్యం కావాలి: ‘రవి తను ఎవర్ని కలిశానని చెప్పాడు?’ దీనికి జవాబుగా ఒక మనిషి పేరు చెబుతాం. యథాతథంగా ఎత్తి చెప్పిన మాటల్లోంచి ప్రశ్న ఇలా బయటికి రావడం కుదరదు. ఇంత పనీ అర పేజీలో అయిపోవాలి. కష్టమే, కానీ మన వాదనలో డొల్ల ఎక్కడుందో బయటపడేది ఈ అర పేజీ రాస్తున్నప్పుడే.

అదే వాక్యాన్ని హైదరాబాదులోనో మైసూరులోనో చదివితే కథ వేరు. హాల్లో తెలుగువాళ్లుంటారు. ‘మా ఇంట్లో తను గెలిచాడనే అంటాం’ అని ఒకరు లేస్తారు, ‘రెండూ అంటాం, కానీ అర్థంలో తేడా ఉంది’ అని ఇంకొకరు. టీ బ్రేక్‌లో కన్నడ ప్రొఫెసర్ ఒకరు తమ భాషలో ఏమంటారో చెబుతారు. ఏ రెండు పేజీల సమీక్షా ఇవ్వలేని సంపద ఇది. మాండలికాల మీద, పెద్దగా ఎవరూ రాయని గిరిజన భాషల మీద పని మొదలుపెట్టినవాళ్లకి ఇదే మేలు, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

సమీక్షల దగ్గర మాత్రం ఫాసల్ వైపే నా మొగ్గు. అక్కడ మామూలుగా ఇద్దరో ముగ్గురో చదివి, నిర్ణయంతో పాటు వ్యాఖ్యలూ పంపుతారు. తిరస్కరించినా ఆ వ్యాఖ్యలు మన దగ్గరే ఉంటాయి. ‘మూడో ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతోంది’ అనే ఒక్క వాక్యం థీసిస్ అధ్యాయాన్ని నిలబెట్టగలదు. ఇక్కడి సదస్సుల నుంచి చాలాసార్లు ‘మీ అబ్‌స్ట్రాక్ట్ అంగీకరించాం’ అన్న ఒక్క లైన్ మెయిల్ వస్తుంది. విద్యార్థులు ఎంతో ఆశతో పంపుతారు, వాళ్లకి రెండు లైన్ల వ్యాఖ్య అయినా రాస్తే బాగుండునని గట్టిగా అనిపిస్తుంది.

ఖర్చు సంగతి దాచేది కాదు. ఫెలోషిప్ డబ్బులతో అమెరికా టికెట్, వీసా అంటే మాటలు కాదు. ట్రావెల్ గ్రాంట్ దొరక్కపోతే వెళ్లలేకపోవచ్చు. ఆన్‌లైన్‌లో చదివే వీలుందో లేదో పంపేముందే సదస్సు ప్రకటనలో చూసుకోండి.

టాక్‌కి బదులు పోస్టర్ (పనిని పెద్ద కాగితం మీద వేసి, దాని పక్కనే నిలబడి వివరించడం) ఇస్తే చిన్నబుచ్చుకోవద్దు. టాక్‌లో మనకి దొరికేది ఇరవై నిమిషాలు, ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు. పోస్టర్ దగ్గర ఒక్కొక్కరూ ఆగి, ఉదాహరణ ఉదాహరణకీ వాదిస్తారు. వాదన ఇంకా పచ్చిగా ఉంటే నేనైతే పోస్టరే అడుగుతాను.

ఎటు పంపినా ముందు రెండు పేజీలదే రాయండి. దాన్ని మూడొందల మాటలకి కుదించడం ఒక పూట పని. మూడొందల మాటల్ని రెండు పేజీలుగా సాగదీస్తే మాత్రం నీళ్లు కలిపినట్టే ఉంటుంది. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో మీ పేరు ఉండిపోయిందేమో చూడండి. ‘నా గత వ్యాసంలో’ అన్న మాట ఉంటే తీసేయండి. గడువు పక్కన ‘ఎనీవేర్ ఆన్ ఎర్త్’ (భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా ఉన్నంతసేపూ) అని ఉంటే ఆ తేదీ మర్నాడు మన టైము సాయంత్రం ఐదున్నర దాకా గడువున్నట్టే. కానీ ఆ చివరి గంటల్లో సైట్ మొరాయిస్తే టెన్షన్ మీదే. ఒకే పనిని రెండు చోట్లకీ పంపాలనుకుంటే, ప్రొసీడింగ్స్ (సదస్సు వ్యాసాల సంపుటి) అచ్చేస్తారా, వేరేచోట చదివిన పనిని తీసుకుంటారా అన్నది రెండు ప్రకటనల్లోనూ చదివాకే పంపండి.