డ్రగ్స్ కేసు పడ్డ విద్యార్థికి ఫీజు సాయం: ఆపితే మేలా, ఇస్తే మేలా?

అమెరికాలో కాలేజీ చదువుకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం కావాలంటే ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. అందులో చాలా ఏళ్లు ఓ ప్రశ్న ఉండేది: డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నట్టో, అమ్మినట్టో మీ మీద నేరం రుజువైందా? హత్య గురించి గానీ, దొంగతనం గురించి గానీ అడిగేవాళ్లు కాదు. మొదట్లో కొందరు దాన్ని ఖాళీగా వదిలేసినా సాయం అందింది. 2001లో బుష్ ప్రభుత్వం వచ్చాక ఖాళీ వదిలినా కుదరదన్నారు.

ఇది 1998 చట్టం తెచ్చిన పద్ధతి. ఇండియానా రాష్ట్రం నుంచి గెలిచిన కాంగ్రెస్ ప్రతినిధి మార్క్ సౌడర్ దీనికి కర్త. డ్రగ్స్‌తో దొరికితే మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్లు సాయం బంద్. మూడోసారైతే గడువంటూ లేదు. అమ్మిన కేసైతే మొదటిసారికే రెండేళ్లు, రెండోసారికి గడువు లేని నిషేధం.

జనం పన్నుల డబ్బు తీసుకునేవాడు పద్ధతిగా ఉండాలనడంలో తప్పేం లేదు. నాకూ ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. కానీ దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. నాన్న చెక్కు రాసివ్వగలిగిన కుర్రాడికి ఈ చట్టంతో పనే లేదు. అదే గంజాయి పొట్లంతో దొరికిన పేదింటి పిల్లాడికి తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంటూ పోయింది, ప్రభుత్వ లోనూ పోయింది. ఒక్క ఏడాదే కదా అనుకుంటాం. చదువు మానేసి పనిలో చేరినవాడు మళ్లీ కాలేజీకి వెళ్లడం ఎంత కష్టమో మన ఇళ్లలోనే చూశాం. ఒకే తప్పుకు రెండు శిక్షలా అని విద్యార్థుల సంఘం కోర్టుకెక్కితే, 2008లో అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు.

మధ్యేమార్గం 2006లో వచ్చింది. సాయం తీసుకుంటున్న కాలంలో చేసిన నేరమే లెక్క, పాతవి వదిలేస్తారు. తన ఉద్దేశం మొదటినుంచీ అదేనని సౌడరే అన్నారు. డీఅడిక్షన్ ప్రోగ్రామ్ పూర్తిచేస్తే సాయం తిరిగొచ్చే దారి ముందే ఉంది. 2008లో దాన్ని ఇంకా సులువు చేసి, చెప్పకుండా పెట్టే రెండు డ్రగ్ టెస్టులు పాసైతే చాలన్నారు. పాత పద్ధతి కన్నా ఇది ఎంతో నయం. అయినా చేతిలో పైసా లేనివాడికి ఆ ప్రోగ్రామ్ ఖర్చు ఎవరిస్తారు?

2020 డిసెంబరులో అమెరికన్ కాంగ్రెస్ ఈ ముడినే తెంపేసింది. 2021-22 నుంచి డ్రగ్స్ కేసు వల్ల సాయం ఆగడం లేదు, 2023-24 ఫారంలో ప్రశ్నే లేదు. నా ఓటు దీనికే. శిక్ష వేయడానికి కోర్టుంది, ఫీజు ఆఫీసు ఆ పని చేయక్కర్లేదు.

అక్కడి తెలుగువాళ్లకు మాత్రం ఒక మాట. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద వెళ్లినవాళ్లకు ఈ సాయం ఎలాగూ రాదు, గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకు వస్తుంది. ప్రశ్న పోయింది కదా అని ధీమాగా ఉండొద్దు. పౌరసత్వం లేనివారికి డ్రగ్స్ నేరం రుజువైతే దేశం నుంచి పంపేసే ప్రమాదం అలాగే ఉంది. సొంతానికి ఉంచుకున్న 30 గ్రాముల లోపు గంజాయికి, అదీ ఒక్కసారికే, మినహాయింపు. కోర్టులో నేరం ఒప్పుకునే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌కు ఫోన్ చేయండి.