జబ్బు కథ ఎక్కడ తీయాలి: ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?

తీయాల్సింది చిన్న సినిమా, చేతిలో 3 లక్షల డాలర్లు. అమెరికా నటుల సంఘం శాగ్-ఆఫ్‌ట్రా అతి తక్కువ బడ్జెట్ సినిమాలకిచ్చే ‘అల్ట్రా లో-బడ్జెట్’ ఒప్పందానికి అదే పరిమితి. కథ న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లోని బెన్సన్‌హర్స్ట్ అనే పేటలో ఉండే ఇటాలియన్ అమెరికన్ కుటుంబానిది: పెళ్లి కుదిరిన కూతురు, జబ్బుపడ్డ తండ్రి.

ఖర్చు
ఇల్లు: తెలిసినవాళ్లదైతే కొద్దిపాటి అద్దె, ఇన్సూరెన్స్.
ఆసుపత్రి: పేషెంట్ల గోప్యత వల్ల నడుస్తున్న వార్డులో అనుమతి కష్టం. ఆసుపత్రిలా కట్టిన సెట్‌కైతే రోజు లెక్కన అద్దె.

శ్రమ
ఇల్లు: ఇరుకు. లైటు పెడితే కెమెరా పట్టదు.
సెట్: గోడ జరుపుకోవచ్చు, సౌండ్ శుభ్రంగా వస్తుంది.

రిస్క్
ఇల్లు: మూడో రోజుకే ఇంటివాళ్లకి విసుగు.
ఆసుపత్రి: సెలైన్ ట్యూబు తప్పుగా పెడితే ప్రేక్షకుల్లోని నర్సులు నవ్వుతారు. ఒక నర్సును పక్కనే కూర్చోబెట్టుకోవాలి, ఆమెకీ జీతం.

కథకి నప్పడం
నా ఓటు ఇంటికే. ఇలాంటి చాలా ఇళ్లలో బేస్‌మెంట్‌లో రెండో వంటిల్లు ఉంటుంది. పై వంటిల్లు చుట్టాలకి చూపించడానికి, అసలు వంట కిందే. ఆదివారం టమాటా సాస్, చాలామంది దాన్ని గ్రేవీ అనే అంటారు, గంటలకొద్దీ సన్నసెగ మీద ఉడుకుతుంది. ఆ వాసనకి తండ్రి మెట్లు దిగబోయి, మూడో మెట్టు మీద రెయిలింగ్ పట్టుకుని ఆగిపోతాడు. కింద గరిటె చప్పుడు ఆగుతుంది. ఇక డాక్టరు డైలాగ్ ఎందుకు?

ప్రేమ వార్డు కారిడార్‌లోనే పుట్టే కథైతే మాత్రం సెట్ తప్పదు. రెండు రోజులకు తీసుకుని సీన్లన్నీ అందులోనే కుక్కేయండి. కుటుంబం గొడవే కథైతే ఇల్లు వెతుక్కోండి, ముందు ఆ బేస్‌మెంట్ చూసి మరీ.