నయీంనగర్ వొకాబులరీ క్లాసు: పాలిటీ చదివేవాళ్లకు ఓకే

గ్రూప్స్ ప్రిపేరయ్యేవాళ్లకు బాగుంటుందని రూమ్మేట్ చెప్తే హనుమకొండ నయీంనగర్‌లో ఆదివారం బ్యాచ్‌లో చేరాను. కింద జిరాక్స్ షాపు, పైన క్లాసు. ఫీజు 1,500, మెటీరియల్‌తో కలిపి.

సారు లిస్టిచ్చి బట్టీ పట్టమనే రకం కాదు. ఒక్క క్రియను పట్టుకుని గంట లాగుతారు. ‘ప్రొరోగ్’ (చట్టసభ సెషన్ ముగించడం) అని బోర్డు మీద రాయగానే వెనక నుంచి ఎవడో "ఏం రోగం సార్?" అన్నాడు. "రోగం కాదు, లాటిన్‌ల ‘రోగారే’ అంటే అడుగుడు" అని మొదలుపెట్టారు.

రోమ్‌లో చట్టం కావాలంటే అధికారి జనసభను అడగాల్సిందే. క్రీ.పూ. 131 నుంచి చట్టాలకు పలకల మీద రహస్య ఓటు. ‘మీరడిగినట్టే’ అనడానికి లాటిన్‌లో వాడే రెండు మాటల పొడి అక్షరాలు రాస్తే సరేనన్నట్టు, ‘ఎ’ రాస్తే వద్దన్నట్టు. అధికారి గడువు పెంచడం ‘ప్రొరోగారే’. క్రీ.పూ. 326లో, ఇప్పటి నేపుల్స్ ముట్టడిలో ఉన్న పబ్లిలియస్ ఫిలోకు కాన్సుల్ (రోమ్‌లో ఏడాదికి ఎన్నికయ్యే పెద్ద అధికారి) గడువు తీరినా సేనాధికారం అట్లాగే పొడిగించారట.

మరి పొడిగించడం కాస్తా సెషన్ ముగించడం ఎట్లయింది? నేను అదే అడిగాను. ఇంగ్లిష్‌లోకి వచ్చాక ‘తర్వాతికి జరపడం’ అనే అర్థం బలపడిందని, సభ పని వచ్చే సెషన్‌కు జరుగుతుందే తప్ప సభ రద్దు కాదని చెప్పారు. వెంటనే రాజ్యాంగం తీశారు. సభను వాయిదా వేసేది స్పీకర్. ప్రొరోగ్ చేసేది ఆర్టికల్ 85 ప్రకారం రాష్ట్రపతి, అసెంబ్లీకైతే 174 ప్రకారం గవర్నర్. 107(3) ప్రకారం ప్రొరోగ్ అయినా పార్లమెంటులో పెండింగ్ బిల్లు చావదు. అదే లోక్‌సభ రద్దయితే అందులో పెండింగ్ ఉన్న బిల్లు పోతుంది. కోచింగుల్లో ఎన్నిసార్లు విన్నా కలగాపులగం అయ్యే పాయింటు ఇది, ఇక్కడ కుదురుకుంది. అబ్రొగేట్, ఇంటరాగేట్, చివరికి అరొగెంట్ కూడా ఈ కుటుంబమేనట. తనది కానిది తనదేనని అడిగేవాడు అరొగెంట్! మా ఓనర్ గుర్తొచ్చాడు.

ఇక లోపాలు. మెటీరియల్ జిరాక్సుకు జిరాక్సు, కొన్ని పేజీల్లో స్పెల్లింగే కనపడదు. ఆ పదంతో ఒక్క వాక్యమైనా మనతో చెప్పించరు. ఇంటర్వ్యూలో నోరు తిరగాలి అనుకునేవాళ్లకు ఫీజు దండగ. అడిగితే "అది వేరే బ్యాచ్" అంటారు, దానికి వేరే డబ్బులు.

డెమో ఫ్రీ. కాస్త ముందే వెళ్లి ముందు బెంచీ పట్టుకోండి, వెనక కూర్చుంటే రోడ్డు మీది హారన్లే వినాలి.