వేదపాఠశాలలో మొదటి ఏడాది: సంతకు ఢోకా లేదు, చిక్కంతా ఆవృత్తిలోనే

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపున్న ఒక వేదపాఠశాలలో మా అబ్బాయిని చేర్చి ఏడాది దాటింది. కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. సంతంటే గురువు చెప్పింది వెంటనే తిరిగి చెప్పి నేర్చుకోవడం, ఆవృత్తంటే అలా నేర్చింది పదేపదే వల్లె వేయడం. పదో ఏట చేరాడు. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి పాఠశాల పేరు చెప్పను. ఫీజు లేదు, తిండీ బసా వాళ్లవే. ఊరికే పెడుతుంటే వంకలేందని అడిగేవాళ్లుంటారు. పిల్లాడి ఎనిమిదేళ్లు ఊరికే రావు గదా.

ముందు లెక్క చూసుకోండి, లేకపోతే పాఠశాలను అంచనా వేయలేరు. ఈ శాఖలో సంహిత 44 పన్నాలు (పన్నమంటే ఒక అధ్యాయం అనుకోండి), బ్రాహ్మణం 28, ఆరణ్యకం ఉపనిషత్తులతో కలిపి 10. మొత్తం 82. ఒక్క సంహితలోనే 2,198 పనసలు. పనసంటే సుమారు యాభై పదాల ముక్క, పన్నానికి సగటున యాభై పనసలు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి రెండు పక్షాల్లోనూ అనధ్యాయాలే. పున్నమి, అమావాస్య కలిపితే నెలకు ఎనిమిది రోజులు కొత్త పాఠం ఉండదు. పండగ సెలవులు, జ్వరాలు, గురువుగారి ఊరి ప్రయాణాలు తీసేస్తే ఏడాదికి రెండు వందల పాఠాలు పడితే గొప్ప. అందులో మొదటి నెలన్నర సంధ్యావందనం, అగ్నికార్యం, భోజనం దగ్గర పరిషేచనం సరిచేయడానికే పోతుంది. మావాడికి మూడు పన్నాలు పూర్తయి నాలుగోది నడుస్తోంది. మొదటి ఏడాదికి అది తక్కువేం కాదు. ఎనిమిదేళ్లలో 82 పూర్తి కావాలంటే ఏడాదికి పది పడాలి గానీ, ఆ వేగం మూడో ఏటికి నోరు తిరిగాక దానంతటదే వస్తుంది. మొదటి ఏడాదే పది పన్నాలు చెప్పేశామనే చోట పిల్లాణ్ణి చేర్చకండి.

సంత చెప్పే పద్ధతి ఇక్కడ చాలా బాగుంది. నలుగురైదుగురు పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టి గురువుగారు రెండు మూడు పదాల ముక్క ఒకసారి చెబుతారు, పిల్లలు రెండుసార్లు చెప్పాలి. తర్వాత ముక్కలు కలిపి వాక్యం, ఆపైన అర పనస, చివరికి పూర్తి పనస. పుస్తకం ముట్టనివ్వరు. మొదట్లో ఇది చాదస్తం అనిపించింది, ఇప్పుడు అనిపించడం లేదు. అచ్చులో అక్షరం కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, అంటే గొంతు దించాలి. పైన నిలువు గీత ఉంటే స్వరితం, అంటే ఎత్తాలి. రెండు గీతలుంటే దీర్ఘస్వరితం, ఏ గీతా లేకపోతే మామూలు గొంతులో ఉదాత్తం. చెవితో పట్టకుండా కంటితో నేర్చిన పిల్లాడు గీత కనబడ్డ చోటల్లా ఆగి గొంతు దించడమో ఎత్తడమో చేస్తాడు. స్వరం సరిగానే ఉంటుంది, మాట ముక్కలవుతుంది. ఆ అలవాటు తర్వాత పోదు.

మన తెలుగు నోళ్లకు వచ్చే తప్పులు గురువుగారికి బాగా తెలుసు. ఘ, ధ, భ ఒత్తు లేకుండా పలకడం ఒకటి. శ, ష, స మూడూ ఒకటైపోవడం ఇంకొకటి. అనుస్వారం తర్వాత శ, ష, స, హ, ర వస్తే ఈ శాఖలో ‘గ్మ్’ లాంటి ధ్వని రావాలి. పిల్లలు దాన్ని గట్టి ‘గమ్’ చేసి ఒక మాత్ర పెంచేస్తారు. ఆ ఒక్కదానికే ఇక్కడ వారం రోజులు పట్టించారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా సంతలోనే చెబుతారు. ఇంత ఓపిగ్గా చెప్పే గురువు దొరకడం అదృష్టమే.

చిక్కంతా ఆవృత్తిలో. కొత్త పనస ఆ రోజే పదిసార్లు వల్లె వేయాలి. మర్నాడు కొత్త పాఠానికి ముందు నిన్నటి పనస మళ్లీ పదిసార్లు. పన్నం పూర్తయ్యాక మొదటి నుంచి చివరిదాకా పన్నమంతా రోజూ తిప్పాలి, దానికి అరగంట పైచిలుకు పడుతుంది. చింతగింజలు పోసుకుని ఒక్కో ఆవృత్తికి ఒక్కో గింజ పక్కకు జరుపుతారు. కాగితం మీద ఏ లోపమూ లేదు. కానీ గురువులు ఇద్దరే, పిల్లలు ముప్పై మందికి పైనే. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా జరిగే ఆవృత్తికి పెద్ద విద్యార్థులే కాపలా. వాళ్లకు వాళ్ల క్రమపాఠం (పదాలను రెండేసి జతలుగా చెప్పేది) ఉంటుంది, చెవి ఒకటి ఇటు పడేసి కూర్చుంటారు. పదిమంది కలిసి గట్టిగా చెబుతుంటే రానివాడు పక్కవాడి గొంతు మీద తేలిపోతాడు. గింజలు మాత్రం పది జరుగుతాయి.

దీని ఫలితం ఆర్నెల్లకు గానీ బయటపడదు. ఒకేలాంటి వాక్యాలు సంహితలో చాలా చోట్ల వస్తాయి. ఆవృత్తి చాలని పిల్లాడు మొదటి పన్నంలో చెబుతూ చెబుతూ, అలాంటి మాట తగలగానే మూడో పన్నంలోకి జారిపోతాడు, జారానని కూడా తెలియదు. మీరే పరీక్షించుకోవచ్చు, వేదం రాకపోయినా ఫరవాలేదు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు స్వరాలతో అచ్చయిన పుస్తకం మీ చేతిలో పెట్టుకోండి. పిల్లాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి, పనస మొదలు కాకుండా మధ్యలో ఒక మాట అందించి అక్కడ్నుంచి చెప్పమనండి. వెనక్కి వెళ్లి మొదటి నుంచి అందుకుంటే పాఠం ఇంకా కుదరలేదని అర్థం. పనసకు ఒకటి రెండు తడబాట్లు ఉంటే బాధ లేదు, అయిదారు దాటితే గురువుగారితో మాట్లాడండి. అడిగే తీరు కూడా చెబుతాను. ‘‘ఎన్ని పన్నాలయ్యాయండీ’’ అంటే ఆయన కొత్త పాఠం తోస్తారు. ‘‘వీడి ఆవృత్తి ఎవరు వింటున్నారండీ’’ అనండి. మా విషయంలో ఆ తర్వాతే, అనధ్యాయం రోజుల్లో పాతపాఠం విడివిడిగా అప్పజెప్పించుకోవడం మొదలైంది. నాలుగు నెలల్లో తేడా తెలిసింది.

ఆవృత్తికి రెండో దెబ్బ కార్తికంలో. దాతల ఇళ్లకీ గుళ్లకీ రుద్రాభిషేకాలకు పిల్లల్ని పంపుతారు. నమకం పదకొండు అనువాకాలు, చమకం పదకొండు, రోజుకు రెండు మూడు చోట్ల. సంభావన వస్తుంది, పిల్లలకు మిఠాయి దొరుకుతుంది, పాఠశాలకూ నడవాలి కదా. ఆ నెలలో ఎన్ని రోజులు పాఠం పడిందో మాత్రం లెక్కపెట్టుకోండి, మాకు తొమ్మిదే. గొంతులు బొంగురుపోయి పిల్లలు మరో వారం సంతకు పనికిరారు. పన్నెండు పదమూడేళ్లకు గొంతు మారుతున్న పిల్లలకైతే ఇది ఇంకా చేటు, వాళ్లను కింది శ్రుతిలో మెల్లగా చెప్పనివ్వాలి.

ఇక బట్టలూ చర్మం. ఇది చిన్న విషయం అనుకుంటే ఏడాదంతా గోక్కోవడమే. ఈ వైపు బోరు నీళ్లు ఉప్పన. సబ్బు నురగరాదు, పంచె అట్టలా బిర్రుగా ఆరుతుంది, రాగి పంచపాత్ర రెండ్రోజులకే చిలుమెక్కుతుంది. చింతపండు, ఉప్పు పెట్టి తోమడం పిల్లాడికి ఇంట్లోనే నేర్పి పంపండి. పాఠశాల జాబితాలో పంచెలు నాలుగు జతలని రాసిచ్చారు. అవి వేసవికి చాలు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను పట్టిందంటే మూడు రోజులు పంచె ఆరదు, ఆరు జతలు ఉండాల్సిందే. పదేళ్ల పిల్లాడికి రెండు మీటర్ల మెత్తటి నూలు పంచెలు తీసుకోండి. పాలిస్టర్ కలిసినవి త్వరగా ఆరతాయి గానీ చెమటకు తొడలు ఒరుసుకుపోతాయి. వెంకటగిరి అంచు పంచె జంధ్యాల పున్నమికి ఒకటి చాలు, మిగతా రోజుల్లో ఆ అంచును చూసుకునే తీరిక వాళ్లకుండదు.

తడి పంచె కట్టుకుని తెల్లవారుజాము సంధ్యకు కూర్చుంటే గజ్జల్లో తామర వస్తుంది. మందుల షాపులో అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన క్రీము చేతిలో పెడతారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండ్రోజుల్లో తగ్గుతుంది, మచ్చ మాత్రం లోలోపల పాకి తిరిగొస్తుంది. చర్మం డాక్టరుకు చూపించండి. గజ్జి వస్తే లెక్క వేరు. అది చాపలూ దుప్పట్లూ కలవడం వల్ల ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఒక్క పిల్లాడికి మందేస్తే లాభం లేదు. గదిలో అందరికీ ఒకే రాత్రి, డాక్టరు రాసిన పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి పాదాల దాకా రాసి పొద్దున స్నానం చేయించాలి, వారానికి మళ్లీ ఒకసారి. బట్టలూ దుప్పట్లూ అదే రోజు వేడినీళ్లలో. ఇక్కడ మొదటిసారి నలుగురికే వేశారు, నెల తిరక్కుండా పద్నాలుగు మందికైంది.

తిండికి వంక పెట్టను. ఉల్లి, వెల్లుల్లి లేని పప్పు, పులుసు, చారు, మజ్జిగ, ఎండాకాలం మామిడికాయ పప్పు. రాత్రి భోజనం ఏడున్నరకే అయిపోతుంది, తెల్లవారి నాలుగున్నరకు లేచే పిల్లలకు తెల్లారేసరికి కడుపు కాలుతుంది. వేయించిన శనగపప్పు, బెల్లం పెట్టెలో పెట్టి పంపొచ్చా అని ముందే అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఫోను పాఠశాలది ఒక్కటే, అనధ్యాయం రోజు సాయంత్రం అయిదు నిమిషాలు. చూడటానికి వెళ్లేదుంటే ఆదివారం కాదు, పంచాంగం చూసుకుని పాడ్యమి నాడు వెళ్లండి.

సర్టిఫికెట్ సంగతి చేరకముందే తేల్చుకోవాలి. ఉజ్జయిని కేంద్రంగా ఉన్న మహర్షి సాందీపని రాష్ట్రీయ వేదవిద్యా ప్రతిష్ఠానం వైపు నుంచి జరిగే వేదభూషణ్ పరీక్ష పదో తరగతికి, వేదవిభూషణ్ ఇంటర్‌కు సమానం. వేదంతోపాటు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ కూడా రాయాలి. అనుబంధం ఉందంటే ఆ కాగితం కళ్లతో చూడండి. మాకు చేర్చేటప్పుడు ‘‘వచ్చేస్తోంది’’ అన్నారు, ఏడాదైనా వస్తూనే ఉంది. లెక్కల మాస్టారు వారానికి మూడుసార్లని చెప్పి ఒకసారి వస్తున్నాడు. అనుబంధం లేనిచోట, పద్నాలుగేళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించడం ఒక్కటే దారి. అందుకని ఆరు, ఏడు తరగతుల లెక్కలు సెలవుల్లో ఇంట్లోనే చెబుతున్నాం.

పూజలు, వ్రతాలు చేయించడం వస్తుందని చేరుస్తుంటే ఇది చోటు కాదు, స్మార్తప్రయోగం వేరే చదువు. అర్థం కూడా ఇప్పుడు చెప్పరు, భాష్యం చాలా ఏళ్ల తర్వాతి మాట. అయిదుకు నా లెక్కలో సంతకు నాలుగున్నర, ఆవృత్తికి రెండు. రెండో ఏడాదికీ ఉంచుతున్నాం, ఆవృత్తి వినే మనిషిని పెడతామన్న మాట మీద.

చేర్చేదుంటే జ్యేష్ఠంలోనే చేర్చండి, దసరా దాటాక వద్దు. వానలు పట్టేసరికి పంచె పిండటం, ఆరేయడం పిల్లాడికి చేతనై ఉండాలి. రేకు పెట్టెకు తాళంచెవులు రెండు చేయించి ఒకటి గురువుగారి దగ్గర ఉంచండి, రెండోది జంధ్యానికి కట్టుకోనివ్వకండి. స్నానాల దగ్గర పోగు తెగితే తాళంచెవి బావిలోనే.