కోనసీమలో ఇంటి నుంచి పని: ఫైబరా, ఫోన్ హాట్‌స్పాటా?

అమలాపురం, రాజోలు వైపు ఊళ్ళల్లో కూర్చుని ఆఫీసు పని చేయాలంటే నా ఓటు ఫైబర్‌కే. హాట్‌స్పాట్ చేతిలో ఉండాలి గానీ, దాన్నే నమ్ముకుంటే మీటింగ్ మధ్యలో బొమ్మ బిగుసుకుపోతుంది.

ఫోన్‌తో మొదటి చిక్కు డేటా. వీడియో కాల్ గంటకి ఇంచుమించు 1 జీబీ తాగుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే మధ్యాహ్నం భోజనాల వేళకే ఖాళీ. ఆ తర్వాత నడిచేది 64 కేబీపీఎస్ మీద, అంటే వీడియోకి ఏమాత్రం చాలని నత్తనడక. రెండోది కొబ్బరితోట. 3.5 గిగాహెర్ట్జ్ 5జీ సిగ్నల్‌ని ఆకులు మింగేస్తాయి, తడిసినప్పుడు మరీను. ఫోన్‌ని మేడ మీద కిటికీలో పెట్టి 4జీకి మారిస్తే వేగం తగ్గినా కాల్ నిలబడుతుంది. సంక్రాంతి మూడు రోజులూ ఊరంతా చుట్టాలే కాబట్టి టవర్ మీద ఆశ వదులుకోవడమే.

ఫైబర్‌కి శత్రువు కొబ్బరి మట్ట. పైనుంచి పడిందంటే తీగ తెగుతుంది, లేదా మడత పడుతుంది. మోడెం మీద ఎల్‌ఓఎస్ లైటు (తీగలో సిగ్నల్ అందట్లేదని చెప్పేది) ఎర్రగా వెలిగితే ఎన్నిసార్లు ఆపి మళ్ళీ వేసినా లాభం లేదు, ఆపరేటర్‌ని పిలవాల్సిందే; తీగ తెగితే జాయింట్ వేయించాల్సిందే. వేశాక తీగలో వచ్చే కాంతి బలాన్ని కొలిచే మీటర్‌లో రీడింగ్ (డీబీఎంలలో) చూపించమనండి. మైనస్ 20 దగ్గరుంటే హాయి, మైనస్ 27 కంటే కిందికి (మైనస్ 28, 29) పడిపోతే నెట్ వస్తూ పోతూ ఉంటుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులో మోడెం రీస్టార్ట్ అయ్యే ప్రమాదముంది, కాల్ పోయినట్టే. 12 వోల్టుల చిన్న యూపీఎస్ చాలు. కొనేముందు అడాప్టర్ మీద రాసున్న వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకోండి. ఇంట్లో కరెంటు, మోడెం సరిగ్గా ఉన్నా నెట్ రాకపోతే ఆపరేటర్ వైపు బ్యాటరీ అయిపోయిందేమో కనుక్కోండి. ఈలోపు హాట్‌స్పాట్ పెట్టి, కెమెరా ఆపేసి, మాటతో నెట్టుకురావచ్చు.